పేరు ఒకచోట, చెక్క ఒకచోట: చిన్న జాజ్ డ్రమ్ సెట్టు కొనేముందు బ్రాండు చరిత్రను చదవడం

5.1 పరిచయం

ఒక తామ్ర శాసనం దొరికిందనుకోండి. దాని మీద ఒక రాజు పేరు ఉన్నంత మాత్రాన అది ఆ రాజు వేయించినదేనని చరిత్రకారుడు ఒప్పుకోడు. లిపి ఆ కాలానిదేనా, తిథి వారాలు లెక్కకు సరిపోతున్నాయా, రేకును ఒకసారి చెరిపి మళ్లీ చెక్కారా అని చూస్తాడు. మన దేశంలో నకిలీ తామ్ర శాసనాలు తక్కువేమీ లేవు. భూమి మీద హక్కు కోసం పెద్ద రాజు పేరు వాడుకున్నవాళ్లు ప్రతి శతాబ్దంలోనూ ఉన్నారు. పేరును బాహ్య సాక్ష్యంగానూ, వస్తువును అంతర సాక్ష్యంగానూ విడదీసి చూడడం మన శాస్త్రంలో మొదటి పాఠం.

ఇదే పద్ధతిని ఈ పాఠంలో ఒక వాద్యానికి వర్తింపజేద్దాం. దానికి ఒక కారణం ఉంది. సంప్రదింపు తరగతులకు వచ్చే ఒక విద్యార్థి ఆదివారాలు చర్చిలో డ్రమ్స్ వాయిస్తాడు. రెండేళ్లు కూడబెట్టిన డబ్బుతో చిన్న జాజ్ సెట్టు కొనాలనుకున్నాడు. ఒక రోజు తరగతి అయ్యాక వచ్చి, "ఏ బ్రాండు మంచిది సార్?" అని అడిగాడు. నేను వాయిద్యకారుణ్ణి కాను. అయినా అతను అడిగింది నా శాస్త్రానికి సంబంధించిన ప్రశ్నే అనిపించింది. బ్రాండు అంటే ఒక పేరు. పేర్లు చేతులు మారతాయి, అమ్ముడుపోతాయి, ఊళ్లు మారతాయి. కాబట్టి "ఏ బ్రాండు" అని అడిగిన వెంటనే "ఏ సంవత్సరానిది, ఏ ఫ్యాక్టరీలోది" అని కూడా అడగాలి.

ముందుగా మాటల విషయం. మన ఊళ్లలో కొందరు డ్రమ్ సెట్టు మొత్తాన్నీ 'జాజ్' అనేస్తారు. ఈ పాఠంలో జాజ్ సెట్టు అంటే అది కాదు. 18 అంగుళాల బేస్ డ్రమ్ము, 12 అంగుళాల చిన్న టామ్, నేల మీద నిలబడే 14 అంగుళాల టామ్, 14 అంగుళాల స్నేర్ ఉన్న చిన్న సెట్టు అని అర్థం. షెల్ అంటే చర్మం, ఇనుప సామాను తీసేశాక మిగిలే ఉత్త చెక్క గొట్టం.

5.2 పెద్ద డ్రమ్ము ఎందుకు చిన్నదైంది

కవాతు బ్యాండ్లలో బేస్ డ్రమ్ము ఒకరు, స్నేర్ ఒకరు వాయించేవారు. ఈ రెండూ ఒకే మనిషి చేతికీ కాలికీ రావడానికి గట్టి పెడల్ కావలసి వచ్చింది. షికాగోలో విలియం ఎఫ్. లడ్విగ్ వేగంగా పనిచేసే పెడల్‌ను తయారుచేసి, తమ్ముడు థియోబాల్డ్‌తో కలిసి 1909లో కంపెనీ పెట్టాడు. పెడల్‌తో పాటు ఒక కొత్త వృత్తి కూడా పుట్టింది. అంతవరకూ ఇద్దరికి దొరికిన కూలి ఒకరికే దక్కిందన్న సంగతిని కూడా ఆర్థిక చరిత్ర విద్యార్థి గమనించాలి.

1930ల స్వింగ్ యుగంలో పెద్ద నృత్యశాలలు, పదిహేను మంది వాద్యకారులు. కాళ్లు కదిపేవాళ్లకు నాలుగు దెబ్బలూ వినపడాలి. అందుకే జీన్ క్రూపా వంటివాళ్లు 26, 28 అంగుళాల బేస్ డ్రమ్ములు వాడారు. 1940ల తొలినాళ్లలో హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్‌లో ఈ లెక్క మారింది. కెన్నీ క్లార్క్ తాళం నడకను బేస్ డ్రమ్ము మీది నుంచి తీసి రైడ్ సింబల్ మీద పెట్టాడు. బేస్ డ్రమ్ముకు అక్కడక్కడ ఊహించని చోట పడే దెబ్బలు మాత్రమే మిగిలాయి. మ్యాక్స్ రోచ్ ఆ బాణీని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. బేస్ డ్రమ్ము ఇక కాలం కొలిచే గడియారం కానక్కర్లేదు కనుక పెద్దదిగా ఉండనక్కర్లేదు. చిన్న క్లబ్బులో నలుగురైదుగురు ఇరుక్కుని వాయించే వేదిక మీద పెద్దది పట్టదు కూడా. మొదట 20 అంగుళాలకు, ఆ తరువాత 18కి దిగింది. జాన్ కోల్‌ట్రేన్ బృందంలో ఎల్విన్ జోన్స్, 1963లో పదిహేడేళ్ల వయసుకే మైల్స్ డేవిస్ బృందంలో చేరిన టోనీ విలియమ్స్ 18 అంగుళాల డ్రమ్మును చెవులకు అలవాటు చేశారు.

మన ప్రశ్నకు ఇక్కడ ఒక కీలకం ఉంది. రాక్ సంగీతంలో బేస్ డ్రమ్ము లోపల దిండు కుక్కి, 'ధబ్' మని ఆగిపోయేలా చేస్తారు. జాజ్‌లో దాన్ని బిగువుగా శ్రుతి చేసి, కుక్కకుండా వదిలేస్తారు. అది టామ్‌లాగే ఒక స్వరం పలుకుతూ మోగుతుంది. దిండు కుక్కిన డ్రమ్ములో అంచు వంకర ఉన్నా, షెల్ గుండ్రం తప్పినా బయటపడదు. వదిలేసిన డ్రమ్ములో ప్రతి లోపమూ వినపడుతుంది. చిన్న జాజ్ సెట్టు కొనేవాడు పెద్ద రాక్ సెట్టు కొనేవాడి కంటే ఎక్కువ జాగ్రత్తపడాలని అనడానికి అసలు కారణం ఇదే.

5.3 బ్రూక్లిన్ నుంచి ఆర్కన్సా దాకా ఒక పేరు

జాజ్ సెట్టు అనగానే అనుభవజ్ఞులు చెప్పే మొదటి పేరు గ్రెట్ష్. జర్మనీ నుంచి వలస వచ్చిన ఫ్రీడ్రిచ్ గ్రెట్ష్ 1883లో బ్రూక్లిన్‌లో బ్యాంజోలు, డ్రమ్ములు, టాంబొరిన్‌లు చేసే చిన్న దుకాణం పెట్టాడు. 1895లో స్వదేశానికి వెళ్లి అక్కడే మరణించాడు. పదిహేనేళ్ల కొడుకు ఫ్రెడ్ వ్యాపారాన్ని అందుకుని, 1916 నాటికి పది అంతస్తుల భవనంలోకి మార్చాడు. 1950లలో ఈ కంపెనీ న్యూయార్క్ జాజ్ వాద్యకారులను వరుసగా తనవైపు తిప్పుకుంది: మ్యాక్స్ రోచ్, ఆర్ట్ బ్లేకీ, ఫిలీ జో జోన్స్, ఎల్విన్ జోన్స్, ఆ తరువాత టోనీ విలియమ్స్. 1960లో బర్డ్‌లాండ్ క్లబ్బులో గ్రెట్ష్ పేరుమీదే ఒక డ్రమ్ రాత్రి జరిగింది. బ్లేకీ, ఫిలీ జో, ఎల్విన్, చార్లీ పర్సిప్ అందులో వాయించారు. దాని రికార్డు ఇప్పటికీ దొరుకుతుంది. ప్రకటన ఎక్కడ ఆగిందో, కళ ఎక్కడ మొదలైందో ఆ రాత్రి విషయంలో తేల్చి చెప్పడం కష్టం.

వాళ్లు ఊరకే వాయించలేదు. ఆ షెల్‌లో గుణం ఉంది. మేపుల్ కర్ర పొరల మధ్య గమ్ అనే మరో కర్ర పొరలు, పలుచని గోడ, లోపల వెండి రంగు పూత, పైన పోత పోసిన బరువైన రింగులు. పోత రింగు వంగదు కనుక శ్రుతి నిలుస్తుంది. దెబ్బకు ఒక పొడి, కచ్చితమైన పలుకు వస్తుంది. ఒక దశలో ఈ షెల్స్‌ను గ్రెట్ష్ ఇండియానా రాష్ట్రంలోని జాస్పర్ పట్టణంలో ఉన్న చెక్క కార్ఖానా నుంచి తెప్పించుకునేది. ఇది నింద కాదు. మృదంగం చేసేవాడు పనస కట్టెను వేరొకరి దగ్గర తొలిపించుకోవచ్చు. చివరి అంచు ఎవరు తీర్చారు, ఎవరు సరిచూశారు అన్నదే అసలు విషయం.

1967లో కుటుంబం కంపెనీని బాల్డ్విన్ అనే పియానోల సంస్థకు అమ్మేసింది. 1970లో తయారీ బ్రూక్లిన్ నుంచి ఆర్కన్సాలోని బూన్‌విల్‌కు వెళ్లింది. యంత్రాలను లారీలో ఎక్కించవచ్చు. ముప్పై ఏళ్లుగా వేలితో అంచు తడిమి లోపం చెప్పగల పనివాళ్లను ఎక్కించలేం, చాలామంది రారు. 1973లో అక్కడి ఫ్యాక్టరీలో అగ్నిప్రమాదాలు జరిగాయి. ఇదే కాలంలో గుండ్రని బ్యాడ్జి పోయి, ఎనిమిది మూలల బ్యాడ్జి వచ్చింది. పాత సెట్లు సేకరించేవాళ్లు ఇప్పటికీ గుండ్రని బ్యాడ్జికి ఎక్కువ వెల కడతారు. 1985లో ఆ కుటుంబంలోని తరువాతి తరం కంపెనీని తిరిగి కొనుక్కుంది. 2015లో గ్రెట్ష్ డ్రమ్ముల తయారీ, అమ్మకం కాలిఫోర్నియాకు చెందిన డీడబ్ల్యూ చేతికి వచ్చాయి. ఈలోగా అదే పేరుతో ఆసియాలో తయారైన చవక రకాలూ బజారుకు వచ్చాయి. వాటిలో క్యాటలీనా క్లబ్ అనేది సరిగ్గా మనం చెప్పుకున్న 18, 12, 14 కొలతల సెట్టు. అది మంచిదా కాదా అన్నది వేరే ప్రశ్న. దాన్ని మెచ్చుకునే వాద్యకారులు చాలామందే ఉన్నారు. అయితే అది 1963లో టోనీ విలియమ్స్ ముందున్న సెట్టు కాదు. వాటిని కలిపేది పేరు, కొలతలు మాత్రమే.

పేరుకు ఎంత విలువ ఉండేదో చెప్పే ఒక ఉదంతం. గ్రెట్ష్ డ్రమ్ములకు 'బ్రాడ్‌కాస్టర్' అనే పేరుండేది, స్పెల్లింగు కొంచెం తేడాతో. 1950లో లియో ఫెండర్ తన కొత్త గిటారుకు ఇదే ఉచ్చారణ గల పేరు పెడితే గ్రెట్ష్ అభ్యంతరం చెప్పింది. ఫెండర్ ఆ పేరు మానుకున్నాడు. ఆ గిటారే ఈనాడు లోకమంతా ఎరిగిన టెలికాస్టర్.

5.4 తన పేరు తనకు లేని మనిషి

లడ్విగ్ కథ ఇంకా విచిత్రం. 1929లో లడ్విగ్ తన కంపెనీని కాన్ అనే పెద్ద వాద్య సంస్థకు అమ్మాడు. కొన్నేళ్లకు అక్కడ ఇమడలేక బయటికొచ్చి 1937లో మళ్లీ సొంత కంపెనీ పెట్టాడు. అయితే 'లడ్విగ్' అన్న పేరు కాన్ సొత్తు. తన డ్రమ్ము మీద తన ఇంటిపేరు వేసుకునే హక్కు అతనికి లేదు. 'డబ్ల్యూఎఫ్ఎల్' అని పొడి అక్షరాలతో అమ్మాడు. 1955లో పేరును తిరిగి కొనుక్కునేదాకా, దాదాపు పద్దెనిమిదేళ్లు, లడ్విగ్ అని రాసి ఉన్న డ్రమ్ములు లడ్విగ్ చేసినవి కావు. లడ్విగ్ చేసినవాటి మీద లడ్విగ్ అని లేదు. విద్యార్థులు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే ఈ పాఠం సగం వచ్చినట్లే.

1964 ఫిబ్రవరి 9న అమెరికా టెలివిజన్‌లో బీటిల్స్ కనిపించారు. రింగో స్టార్ బేస్ డ్రమ్ము మీద లడ్విగ్ పేరు కోట్ల మంది చూశారు. ఫ్యాక్టరీ రాత్రింబగళ్లు నడిచినా గిరాకీకి చాలలేదు. పేరు వల్ల గిరాకీ, గిరాకీ వల్ల తొందర. తొందర పెరిగిన చోట నాణ్యత ఎలా నిలిచింది అన్నది బ్యాడ్జి చెప్పదు. ఆ ఏటి డ్రమ్మును విప్పి చూస్తేనే తెలుస్తుంది.

జర్మనీలో సోనార్‌ది దీనికి అద్దంలో ప్రతిబింబం. 1875లో వైసెన్‌ఫెల్స్‌లో పుట్టిన ఈ సంస్థ రెండో ప్రపంచ యుద్ధం తరువాత రెండుగా చీలింది. ఊరు తూర్పు జర్మనీ వాటాకు పోయింది. యజమాని కుటుంబం పశ్చిమానికి వెళ్లి పాత పేరుతో కొత్త ఫ్యాక్టరీ కట్టుకుంది. పాత ఫ్యాక్టరీ ప్రభుత్వపరమై 'ట్రోవా' అనే కొత్త పేరుతో డ్రమ్ములు చేసింది. పరంపర ఎవరిది? పేరుదా, గోడలదా, పనివాళ్లదా?

యుద్ధకాలం గురించి ఒక మాట. 1942 తరువాత అమెరికాలో వాద్యాల్లో లోహం బరువు పదో వంతు మించరాదని ఆంక్ష వచ్చింది. స్లింగర్‌ల్యాండ్ వంటి పేరున్న కంపెనీ కూడా చర్మాన్ని బిగించే లగ్గులను కర్రతో చేయక తప్పలేదు. అదే కంపెనీ, అదే బ్యాడ్జి. సంవత్సరం తెలియకుండా వాటిని తూచలేం.

5.5 ఒక ఫ్యాక్టరీకి ముప్పై పేర్లు

ఇంతవరకూ ఒక పేరు వెనక అనేక ఫ్యాక్టరీలను చూశాం. 1960లలో జపాన్‌లో దీనికి తలకిందుల పరిస్థితి. 1946లో నోట్ స్టాండ్లతో మొదలై, 1950 నుంచి డ్రమ్ములు చేస్తున్న పెర్ల్ 1961లో చీబాలో ఎగుమతుల కోసం ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ చేసిన సెట్లు అమెరికాలో ముప్పైకి పైగా పేర్లతో అమ్ముడయ్యాయి. దిగుమతిదారు ఏ బ్యాడ్జి కోరితే అది. కొన్నవాళ్లు ఒకే చెట్టు కాయలను వేర్వేరు తోటలవనుకున్నారు. చాలావాటిలో షెల్ లువాన్ అనే మెత్తని చవక కర్ర.

మా చిన్నతనంలో మా ఇంట్లో పెద్దవాళ్లు 'జపాన్ సరుకు' అంటే త్వరగా విరిగిపోయేది అనే అర్థంలో వాడేవారు. పదిహేనేళ్లలో ఆ మాట చెల్లని నాణెమైంది. 1967లో యమహా డ్రమ్ముల్లోకి దిగింది. 1974లో టామా పేరు వచ్చింది. 1970ల చివరికి స్టాండ్లు, పెడల్స్ గట్టిదనంలో జపాన్ వాళ్లను చూసి అమెరికన్లే నేర్చుకునే స్థితి. యమహా పేరుతో వచ్చిన ఉత్తమ డ్రమ్ములను దశాబ్దాల పాటు చేసింది ఒసాకాకు చెందిన సకాయే అనే సంస్థ. ఆ పేరు మాత్రం చాలాకాలం బయటివాళ్లకు తెలియదు. తరువాత తయారీ తైవాన్‌కు, చైనాకు పాకింది. ఇప్పుడు మధ్య తరగతి కొనగల సెట్లలో అధిక భాగం ఏ దేశపు పేరున్నా ఆ ప్రాంతాలవే. 'చైనా సరుకు' అని పెదవి విరిచేవాళ్లు మా ఇంటి పెద్దల మాట గుర్తు చేసుకోవాలి. దేశం పేరు కూడా బ్యాడ్జి లాంటిదే.

5.6 వస్తువును ప్రశ్నించడం

అలాగైతే ఏం చూడాలి? నా సొంత పొరపాటు చెబుతాను. మా అబ్బాయి కాలేజీలో ఉండగా పేరున్న బ్రాండు పాత సెట్టు ఒకటి కొన్నాం. బేస్ డ్రమ్ము ఎప్పుడూ శ్రుతికి నిలిచేది కాదు. ఏడాది తరువాత చర్మం విప్పితే లోపల వాడని రంధ్రాలు, వాటిని మూసిన లప్పం కనిపించాయి. టామ్‌లలో ఆరు పొరలుంటే బేస్ డ్రమ్ములో తొమ్మిది. బ్యాడ్జి వేరే డ్రమ్ము మీది నుంచి ఊడదీసి పెట్టింది. అమ్మినతను అబద్ధమాడలేదు, నేను అడగలేదు, అంతే. పాతికేళ్లు శాసనాల ప్రామాణికత గురించి పాఠం చెప్పినవాణ్ణి!

కాబట్టి మొదటి పని చర్మం విప్పించడం. విప్పనివ్వని అమ్మకందారు దగ్గర బేరం ఆపేయవచ్చు. షెల్ అంచు, అంటే చర్మం ఆనే చోటు, అసలు సాక్ష్యం. డ్రమ్మును నున్నని గ్రానైట్ గట్టు మీదో మందపాటి గాజు పలక మీదో బోర్లించి, లోపల సెల్‌ఫోన్ లైటు పెట్టండి. అంచు కింద నుంచి వెలుగు తొంగిచూసిన ప్రతి చోటా చర్మం సరిగా ఆనదు. తరువాత టేపుతో వ్యాసాన్ని నాలుగైదు వైపుల కొలవండి. తేడా ఉంటే గుండ్రం తప్పినట్లే. కొత్త చర్మం షెల్ మీద ఇరుక్కోకుండా తేలికగా దిగాలి. పొరలు లెక్కపెట్టండి, అన్ని డ్రమ్ముల్లోనూ ఒకే తీరుగా ఉన్నాయా చూడండి. పొరల మధ్య జిగురు విడిందేమో గోటితో తడమండి. మన కోస్తా తేమలో ఈ లోపం త్వరగా ముదురుతుంది. బిగింపు రాడ్లను చేత్తోనే తిప్పి చూడండి. మరలు అరిగిన లగ్గుకు సరిపోయే భాగం ఈ దేశంలో దొరుకుతుందా అన్నది పేరు కంటే పెద్ద విషయం.

18 అంగుళాల బేస్ డ్రమ్ముకు ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. అది పొట్టిది కనుక పెడల్ సుత్తి నడిమధ్యన కాక పైభాగాన తగులుతుంది. డ్రమ్మును ఎత్తి పట్టే పీట సెట్టుతో ఇస్తున్నారో లేదో అడగాలి. కొందరు మర్చిపోయి, ఇంటికెళ్లాక తెల్లబోతారు.

ధ్వనిని బట్టి తీర్పు చెప్పేముందు చర్మాలను లెక్కలోకి తీసుకోవాలి. 1950ల మధ్య వరకూ దూడచర్మమే. వాన పడితే వదులు, ఎండ కాస్తే బిగువు. మన డప్పు కళాకారులు వాయించేముందు చలిమంట దగ్గర కాచుకోవడం చూశాం కదా, అదే బాధ. 1957లో రెమో బెల్లీ ప్లాస్టిక్ చర్మాలను మార్కెట్లోకి తెచ్చాక ఆ గొడవ తీరింది. చవక సెట్లతో వచ్చే చర్మాలు మాత్రం నాసిరకం. దుకాణంలో వినిపించే పేలవమైన మోతలో సగం వాటిదే కావచ్చు. మార్చదగిన లోపాన్ని, మార్చలేని లోపాన్ని వేరు చేయాలి. చర్మం మార్చవచ్చు. వంకర షెల్‌ను మార్చలేం.

ఇంకొకటి. ఇలాంటి సెట్లను చాలాసార్లు సింబల్స్ లేకుండా అమ్ముతారు. జాజ్ నడకంతా రైడ్ సింబల్ మీదే ఉందని పైన చూశాం. డబ్బంతా బ్యాడ్జికి పోసి, రేకు ముక్కలాంటి సింబల్ కొంటే సెట్టు చిన్నబోతుంది. సింబల్స్‌లోనూ పేర్ల చరిత్ర ఉంది. 1623 నాటి ఇస్తాంబుల్ జిల్జియాన్ కుటుంబంలో ఒక శాఖ 1929లో అమెరికాలో ఫ్యాక్టరీ పెట్టింది. ఇస్తాంబుల్‌లో కొట్టిన 'కె' సింబల్స్ మాత్రం గ్రెట్ష్ ద్వారా అమెరికాకు వచ్చేవి. ఆనాటి జాజ్ వాద్యకారులు వాటి కోసమే వెదికేవారు. ఒకే ఇంటిపేరు, రెండు ఖండాలు, రెండు రకాల మోత.

ఆ విద్యార్థి చివరికి రెండు సెట్లు చూశాడు. ఒకటి పెద్ద పేరున్న కొత్తది. రెండోది పాతది, అంత పేరు లేనిది. పెద్ద పేరుదాని 14 అంగుళాల టామ్‌ను గ్రానైట్ మీద బోర్లిస్తే రెండు చోట్ల వెలుగు కనిపించిందట. "అదే బ్రాండులో ఇంకో సెట్టు చూపించమని అడగలేదా?" అన్నాను. అడిగాడట. దుకాణంలో ఉన్నది అదొక్కటే. పాతదాన్ని తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి రైడ్ సింబల్ కొన్నాడు. బేస్ డ్రమ్ముకు పీట లేకపోతే వాళ్ల ఊళ్లో వెల్డింగ్ పనివాడు ఇనుప పట్టీతో ఒకటి చేసిచ్చాడు. బ్యాడ్జి ఉండాల్సిన చోట మాత్రం రెండు మేకుల గుంతలున్నాయి. పాత యజమాని దాన్ని ఎప్పుడో ఊడదీసుకుని ఉంచుకున్నాడట.